గీత కింది పుస్తకం

మా అమ్మాయికి పదేళ్ళు నిండకముందు దానితో నేనొక మాట అన్నాను. ఆ మాటని ఉన్నదున్నట్టు చెప్పుకుందామనే ఇవాళ రాయడానికి కూర్చున్నాను.

2017లో ఉగాది వెళ్ళిన శనివారం. ఒహాయోలో చలి ఇంకా పూర్తిగా పోలేదు. పిల్ల హాల్లో కార్పెట్ మీద బోర్లా పడుకుని ‘మూన్ గర్ల్ అండ్ డెవిల్ డైనోసార్’ రెండో సంపుటి చదువుతోంది. అది లైబ్రరీ పుస్తకం. తొమ్మిదేళ్ళ నల్లజాతి పిల్ల లూనెల్లా, దాని వెంట ఉండే ఎర్ర డైనోసార్, ఆ ఇద్దరి కథ. మా అమ్మాయిదీ అప్పుడు అదే వయసు. రెండు పేజీలు చదవడం, పక్కనున్న నోటు పుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో డైనోసార్ బొమ్మ కాస్త వేయడం, మళ్ళీ చదవడం. మధ్యలో తలెత్తి "నాన్నా, మూడోది ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

నేను డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందున్నాను. ఆ నెల కామిక్స్ అమ్మకాల పట్టిక తెరిచి ఉంది. తల తిప్పలేదు. "దాని మీద అంత ఇష్టం పెంచుకోకు తల్లీ. ఎవరూ కొనట్లేదు. రేపో మాపో ఆపేస్తారు" అన్నాను.

పిల్ల మారు మాట్లాడలేదు. కాసేపటికి పెన్సిళ్ళు డబ్బాలో పెట్టుకుని లేచి వెళ్ళింది. ఆ రాత్రి హాలు సర్దుతూ నోటు పుస్తకం చూశాను. డైనోసార్‌కి తల ఉంది, ఒళ్ళుంది, కాళ్ళున్నాయి. తోక వేయలేదు. తోక ఉండాల్సిన చోట పెన్సిల్ గీత ఒకటి మొదలై అంగుళం దూరంలో ఆగిపోయింది. మరుసటి వారం లైబ్రరీకి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తిరిగిచ్చేసి ఇంకేదో తెచ్చుకుంది. మూడో సంపుటి సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ కథ రేపూ ఆగలేదు, మాపూ ఆగలేదు. 2015 నవంబరులో మొదలైన ఆ సిరీస్ 2019 దాకా, మొత్తం 47 సంచికలు నడిచింది. నేను ఆ మాట అన్నాక ఇంకా 30 సంచికలు వచ్చాయి. అవి వస్తున్నంతకాలం వాటిలో ఒక్కటి కూడా మా అమ్మాయి చదవలేదు.

ఈ తప్పు ఎవరు చేసినా నాకింత బాధ ఉండేది కాదేమో. చేసినవాణ్ణి నేను. ఒక్క కాపీని ఎంతమంది చదువుతారో కళ్ళారా చూసి పెరిగినవాణ్ణి.

మాది తెనాలి పక్క ఊరు. 1980ల్లో మా శాఖా గ్రంథాలయానికి ‘చందమామ’ నెలకి ఒక్క కాపీ వచ్చేది. వచ్చిన రోజు సాయంత్రం బడి వదలగానే పదిహేను మందిమి అక్కడ ఉండేవాళ్ళం. గ్రంథపాలకుడు దాన్ని బల్ల మీద పెట్టి, "చింపితే ఊరుకోను" అని చెప్పి తన కుర్చీలోకి వెళ్ళిపోయేవాడు. పెద్దపిల్లలు బల్లకి అటూ ఇటూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ భుజాల మీంచి రెండో వరస. ఎదురుగా చోటు దొరికినవాళ్ళకి పుస్తకం తలకిందులుగా కనపడేది. తలకిందులుగా ఉన్న అక్షరాలు గబగబా చదవడం నాకక్కడే అబ్బింది, ఇప్పటికీ పోలేదు. బేతాళ కథ దగ్గర శంకర్ గారి బొమ్మ వస్తుంది: భుజాన శవంతో, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. ఆ పేజీ తిప్పడానికి ఎవరికీ చెయ్యొచ్చేది కాదు. నెలాఖరుకి ఆ కాపీ అట్ట ఊడిపోయి, మూలలు నల్లబడి, మధ్య పిన్నులు వదులై ఉండేది. మా ఊళ్ళో దాన్ని చదవని పిల్లలు లేరు. మద్రాసులో చందమామ ఆఫీసు లెక్కల్లో మాత్రం మా ఊరికి వచ్చింది ఒక్క కాపీ.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి పోతుందని నాన్న అంటూండేవారు. ఆ 8 పైసల్లోంచే ఆ చందమామ వచ్చేదని నాకు తెలుసు. అన్నీ తెలిసినవాణ్ణే.

నేను ఒహాయోలో కొలంబస్‌కి ఉద్యోగం మీద వచ్చింది 2005లో. వచ్చిన రెండో వారమే పేటలో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. కామిక్స్‌కి అక్కడ ఒక గోడ మొత్తం ఇచ్చారు. ఒక్కసారికి బోలెడన్ని తీసుకోవచ్చు, మూడు వారాలు ఉంచుకోవచ్చు. మొదటి రెండేళ్ళు నేను అచ్చంగా పాఠకుణ్ణి. స్పైడర్‌మన్ నుంచి స్పీగల్‌మన్ ‘మౌస్’ దాకా ఏది దొరికితే అది చదివాను. బాగుంటే మా ఆవిడకి చెప్పేవాణ్ణి, బాగోలేకపోతే మర్చిపోయేవాణ్ణి.

ఆ తర్వాత నా కంట పడింది అమ్మకాల పట్టిక.

అమెరికాలో కామిక్స్ షాపులకి సరుకు అందించింది చాలా ఏళ్ళపాటు దాదాపు ఒకే ఒక్క టోకు సంస్థ, డైమండ్. 1990ల చివరి నుంచి పెద్ద ప్రచురణకర్తల నెలవారీ సంచికలన్నీ దాని గోడౌన్ల మీదుగానే వెళ్ళేవి. ఆ సంస్థ నెలనెలా 300 సంచికల జాబితా విడుదల చేసేది. అందులో కాపీల సంఖ్య ఉండదు. ‘బ్యాట్‌మన్’కి వచ్చిన ఆర్డర్లు 100 అనుకుంటే మిగతావి ఎంతెంత అని ఒక సూచిక మాత్రం ఉంటుంది. ఏదో ఒక పుస్తకం అసలు లెక్క తెలిస్తే మిగిలినవన్నీ గుణించి రాబట్టవచ్చు. ఐసీవీ2 వెబ్‌సైటు వాళ్ళూ, కామిక్రాన్ అనే వెబ్‌సైటు నడిపే జాన్ జాక్సన్ మిల్లర్ గారూ అలా అంచనాలు కట్టి అందరికీ ఇచ్చేవాళ్ళు. ఇవి పాఠకులు కొన్న లెక్కలు కావనీ, షాపులు తెప్పించుకున్న లెక్కలనీ ఆయన మళ్ళీ మళ్ళీ స్పష్టంగా రాసేవాడు. నేనది చదివాను. ఒకసారి కాదు, చాలాసార్లు. చదివి, నాకు పనికొచ్చే అంకెలు తీసుకుని, ఆ వాక్యాన్ని అక్కడే వదిలేసేవాణ్ణి.

ఉద్యోగంలో నాది అంకెల పనే. ఏ అంకె చూసినా ‘ఇది దేన్ని లెక్కపెడుతోంది, దేన్ని వదిలేస్తోంది’ అని ముందు అడగాలని కొత్తగా చేరిన పిల్లలకి నేర్పేవాణ్ణి. ఇంటికొచ్చి ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ఏళ్ళ తరబడి ఎక్సెల్ షీటులో ప్రతి సిరీస్‌కీ ఒక వరస పెట్టి నెలనెలా నింపాను. 20 వేల దగ్గర అడ్డంగా ఎర్ర గీత గీశాను. మార్వెల్ పుస్తకం ఏదైనా 20 వేల కిందికి దిగితే ఇక దాని రోజులు దగ్గరపడ్డట్టేనని అభిమానులు అనుకునేవాళ్ళు. ఆ మాటని నేను చట్టంలా పట్టుకున్నాను. ‘మూన్ గర్ల్’ మొదలైన కొన్ని నెలలకే ఆ గీత కిందికి దిగింది. అప్పటినుంచి ప్రతి నెలా దాని చావు కోసం చూస్తున్నట్టు చూశాను. నాకు ఆ కథ మీద కోపమేమీ లేదు. నా అంచనా నిజం కావాలన్న ఆరాటం, అంతే. ఆ ఆరాటంలో నా ముందు కార్పెట్ మీద పడుకుని చదువుతున్న పిల్ల నాకు లెక్కలోకి రాలేదు.

అదే నెలల్లో నేను చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. ఇది ఇన్నాళ్ళూ మా ఆవిడతో తప్ప ఎవరితోనూ అనలేదు.

2016 నవంబరులో ‘బ్లాక్ పాంథర్: వరల్డ్ ఆఫ్ వకాండా’ మొదలైంది. రచయిత్రి రాక్సేన్ గే. నాకది చాలా నచ్చింది. రెండు మూడు సంచికలు వచ్చేసరికి పట్టికలో పడిపోతూ కనిపించింది. ఎలాగైనా నిలబెట్టాలనుకున్నాను. లైబ్రరీలో చదివితే లెక్కలోకి రాదు, షాపులో కొంటేనే వస్తుంది అనుకుని, నెలకి మూడు కాపీలు కొనడం మొదలుపెట్టాను. అదీ ఒక్క షాపులో కాదు. ఊళ్ళో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి. మూడు షాపుల్లో అమ్ముడుపోతే మూడు చోట్ల నమోదవుతుందని నా ఆలోచన. కాపీ 3.99 డాలర్లు. శనివారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇంటికి చేరేవాణ్ణి.

ఆ సిరీస్ 6 సంచికలతో ఆగిపోయింది. మరుసటి ఏడాది, అంటే 2018లో, దానికి కామిక్స్‌కిచ్చే ఐస్నర్ పురస్కారం వచ్చింది.

ఆగిపోయిందని తెలిసిన వారం నేను మధ్య షాపాయన దగ్గర వాపోయాను. అరవై దాటిన మనిషి. నేను చెప్పిందంతా విన్నాడు. విని, కౌంటర్ కింద నుంచి లావుపాటి కేటలాగు తీసి నా ముందు పెట్టాడు. రెండు నెలల తర్వాత రాబోయే పుస్తకాలన్నీ అందులో ఉన్నాయి. ఏది ఎన్ని కావాలో ఆయన ఇప్పుడే చెప్పేయాలి. పుస్తకం అమ్మకానికి వచ్చే మూడు వారాల ముందు దాకా అంకె మార్చుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. అమ్ముడుపోకపోతే వెనక్కి పంపడానికి వీల్లేదు. ఈ పద్ధతి 1973 ప్రాంతంలో ఫిల్ స్యూలింగ్ అనే న్యూయార్క్ బడిపంతులు మొదలుపెట్టిందట. అంతకుముందు పత్రికల స్టాండ్లలో మిగిలినవి వెనక్కి వెళ్ళిపోయేవి. వెనక్కి పంపే హక్కు వదులుకుంటే షాపుకి ఎక్కువ కమిషన్. నష్టం వస్తే షాపుదే.

"నువ్వు అరలోంచి తీసుకున్న కాపీ నేను ఎప్పుడో కొనేశాను. నువ్వు కొన్నా, అది ఇక్కడే పసుపుపచ్చబడ్డా, ఆ పట్టికకి ఒకటే" అన్నాడు. "మొదటి సంచికకి ముందే వచ్చి, ఇది నాకు ప్రతి నెలా మూడు కావాలి అని చెప్పి ఉంటే ఆర్డరులో మూడు పెంచేవాణ్ణి. అప్పుడు లెక్కలోకి వచ్చేది."

మిగతా రెండు షాపుల్లోనూ అంతే. ఒక్కొక్క కాపీ కొనుక్కుని చెప్పకుండా వచ్చేసిన మనిషి ఏ షాపువాడికీ గుర్తుండడు. అన్ని శనివారాలు తిరిగి నేను ఆ పుస్తకానికి ఏమీ చేయలేకపోయాను. నేను నచ్చిన కథ కోసం ఊరంతా తిరిగిన రోజుల్లోనే, నా కూతురు తనకి నచ్చిన కథ గురించి అడిగితే ‘ఎవరూ కొనట్లేదు’ అన్నాను. నాకు పనికొచ్చినప్పుడు ఆ పట్టికతో పోరాడాను, పిల్ల విషయంలో దానికి తలవంచాను. ఇది తల్చుకున్నప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

షాపాయన మాటలతోనైనా నా కళ్ళు తెరుచుకోవాల్సింది. సగమే తెరుచుకున్నాయి. పట్టికలో ఉన్నవి షాపుల ఆర్డర్లు అని మాత్రం అర్థమైంది. అందులో లేనివి ఏమిటన్నది ఇంకో రెండేళ్ళకి గానీ తెలియలేదు.

2019లో ‘మూన్ గర్ల్’ ఆగిపోతోందన్న వార్త వచ్చింది. నిజం చెప్తున్నాను, ముందు నాకు కలిగింది సంతోషం. ‘చెప్పానా’ అనుకున్నాను. షీటు తెరిచి ఆ వరస మూసేయబోతూ గళ్ళు లెక్కపెట్టాను. ఎర్ర గీత కింద వరసగా మూడేళ్ళ గళ్ళు. నా చట్టం ప్రకారం 2016లోనే పోవాల్సిన పుస్తకం మూడేళ్ళు ఎలా బతికింది? ఎవరు బతికించారు?

ఆ శనివారం లైబ్రరీకి వెళ్ళి పిల్లల విభాగంలో కౌంటర్ దగ్గరున్నావిడని అడిగాను. మా అమ్మాయికి చిన్నప్పుడు కథలు చదివి వినిపించిన మనిషే. ఆవిడ నన్ను అర దగ్గరికి తీసుకెళ్ళింది. మొదటి సంపుటి అక్కడ లేదు, బయట ఉంది. మా అమ్మాయి చదివిన రెండో సంపుటి ఉంది. చేతికిచ్చింది. వెన్ను పొడుగునా పారదర్శకంగా ఉండే వెడల్పాటి టేపు వేశారు. ఆ టేపు మీద ఇంకో టేపు. లోపల ఒక పేజీ మూల చిరిగితే పల్చటి కాగితంతో అతికించారు. డైనోసార్ రెండు పేజీలంతా పరుచుకున్న చోట ఎవరో బుడత వేలితో ముట్టుకుని ముట్టుకుని ఆ ఎరుపు కొంచెం వెలిసిపోయింది. తెనాలి పక్క ఊళ్ళో, బల్ల మీద, పిన్నులు వదులైన చందమామ నాకు గుర్తొచ్చింది. అక్కడే నిలబడిపోయాను.

"ఇది మా రెండో కాపీ" అంది ఆవిడ. మొదటిది ఊడిపోతే తీసేసి మళ్ళీ కొన్నారట. కంప్యూటర్లో చూసి, ఈ కాపీ ఒక్కటే అరవైకి పైగా సార్లు బయటికి వెళ్ళిందని చెప్పింది. కూర్చోబెట్టి ఇంకొన్ని సంగతులు చెప్పింది. లైబ్రరీలు ఈ సంపుటాలు కామిక్స్ షాపుల దగ్గర కొనవు, పుస్తకాల టోకు వ్యాపారుల దగ్గర కొంటాయి. కాబట్టి నా పట్టికలోకి రావు. పుస్తకాల దుకాణాల అమ్మకాలని లెక్కించే బుక్‌స్కాన్ ఉంది, అందులోనూ లైబ్రరీలు కొన్నవి కలవవు. బడుల్లో స్కొలాస్టిక్ పెట్టే పుస్తకాల సంతల్లో పిల్లలు కొనుక్కునేవి కూడా ఆ పట్టికలో ఉండవు. ‘మూన్ గర్ల్’ నిలబడింది ముఖ్యంగా అక్కడే. తొమ్మిదేళ్ళ పిల్లలు కామిక్స్ షాపుకి వెళ్ళి రెండు నెలల ముందు కేటలాగు చూసి ఆర్డరు పెట్టరు. బళ్ళో సంత పెట్టినప్పుడు అమ్మానాన్నలిచ్చిన డబ్బుతో కొనుక్కుంటారు, లేకపోతే లైబ్రరీలో తీసుకుంటారు. నేను పిల్లల పుస్తకాన్ని పెద్దలు తిరిగే షాపుల లెక్కతో తూచాను. పిల్లల కామిక్స్ రచయిత్రి రైనా టెల్గెమియర్ ‘గట్స్’ 2019లో తొలి ముద్రణే 10 లక్షల కాపీలు వేశారు. నా షీటు పైవరసల్లో ఆ పేరు ఎప్పుడూ లేదు.

"ఒక పుస్తకం కోసం హోల్డులు, అంటే ‘నాకూ కావాలి’ అని పెట్టుకునే పేర్లు, పేరుకుంటే మేం ఇంకో కాపీ కొంటాం. ఇన్ని హోల్డులకి ఇంకో కాపీ అని మాకో లెక్కుంది" అని కూడా చెప్పింది ఆవిడ. మా అమ్మాయి మూడో సంపుటికి హోల్డు పెట్టి ఉంటే అదొక ఓటు. నేను మూడు షాపులు తిరిగి వేయలేకపోయిన ఓటు. ఆ పిల్ల కార్డు చూపించి ఊరికే వేయగలిగేది. వేయనివ్వలేదు నేను. మా ఆవిడని కూడా ‘హోల్డులు పెట్టకు, మనం ఊరికే చదివేస్తే రాసినవాళ్ళకి ఏమొస్తుంది’ అని వారించిన రోజులున్నాయి. బ్రిటన్‌లో లాగా పుస్తకం ఇంటికి వెళ్ళినప్పుడల్లా రచయితకి కొంత చెల్లించే ఏర్పాటు అమెరికాలో లేదు, ఆ మాట నిజమే. లైబ్రరీ కొన్న కాపీకి మాత్రం రాయల్టీ వస్తుంది. అరిగిపోయి మళ్ళీ కొంటే మళ్ళీ వస్తుంది. హూప్లా లాంటి యాప్‌లలో ఫోన్ మీద చదివితే, తీసుకున్న ప్రతిసారీ లైబ్రరీ డబ్బు కడుతుంది. ఆ డబ్బు మనందరం కట్టే పన్ను.

ఈ సంగతికి నేనుండే ఊళ్ళోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. పద్నాలుగేళ్ళు ఈ ఊళ్ళో ఉండి దాన్ని పట్టించుకోలేదు. ముందు దానికి ఎదురు కథ చెప్పాలి. 1991 వేసవిలో మార్వెల్ ‘ఎక్స్-మెన్’ కొత్త 1వ సంచిక తెచ్చింది. ఐదు రకాల అట్టలతో వేశారు. షాపులు ఆర్డరు పెట్టిన కాపీలు 80 లక్షల పైమాటే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. రేపు ధర పెరుగుతుందని జనం ఐదేసి, పదేసి కొని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి నేలమాళిగల్లో దాచారు. తెరవని కాపీలు లక్షలు. ధర పెరగలేదు. పాత పుస్తకాల పెట్టెల్లో ఇవాళ్టికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఆ దాచుకునే మోజు దిగిపోయాక ఎన్నో షాపులు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

అదే 1991 వేసవిలో, జూలైలో, కొలంబస్‌లో జెఫ్ స్మిత్ అనే బొమ్మలాయన ‘బోన్’ అనే కథ సొంతంగా అచ్చేయడం మొదలుపెట్టాడు. నలుపు తెలుపు బొమ్మలు. కొంతకాలానికి భార్య విజయా అయ్యర్ తన ఉద్యోగం వదిలేసి వ్యాపారం వైపంతా చూసుకుంది. పట్టికల్లో ‘ఎక్స్-మెన్’ పక్కన పెట్టి చూడదగిన అంకెలు దానికి ఎన్నడూ లేవు. 2004 దాకా 55 సంచికలు వచ్చాయి. అన్నీ కలిపి ఒకే పుస్తకంగా వేస్తే 1300 పేజీలు దాటింది. 2002లో అట్లాంటాలో అమెరికా గ్రంథాలయ సంఘం సభల ముందు కామిక్స్ మీద ఒక రోజంతా సదస్సు పెట్టి జెఫ్ స్మిత్‌నీ, ఆర్ట్ స్పీగల్‌మన్‌నీ, నీల్ గైమన్‌నీ, కోలీన్ డోరన్‌నీ పిలిచారు. పిల్లలు వేటిని అరిగిపోయేదాకా చదువుతున్నారో గ్రంథపాలకులకి తెలుసు, అరలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి కాబట్టి. 2005లో స్కొలాస్టిక్ ‘గ్రాఫిక్స్’ పేరుతో కొత్త శాఖ మొదలుపెట్టి, తొలి పుస్తకంగా ‘బోన్’నే రంగుల్లో తెచ్చింది. ఇవాళ అమెరికాలో పిల్లల కామిక్స్ అంటే కళ్ళకి కట్టే ఆ గోడ నిండా పుస్తకాలు చాలావరకు ఆ దారినే వచ్చాయి. నేను ఈ ఊళ్ళో లైబ్రరీ కార్డు తీసుకున్నది సరిగ్గా ఆ ఏడాదే.

ఆ రాత్రి ఇంటికొచ్చి షీటు తీసేశాను. అదేమీ గొప్ప పని కాదు, ఆలస్యంగా చేసిన పని. పిల్లతో మాట్లాడటం మాత్రం వాయిదా వేశాను. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. బొమ్మలు వేయడం మానేసింది, ఈతకి వెళ్తోంది, స్నేహితురాళ్ళు వేరు, లోకం వేరు. ఇప్పుడెందుకు తవ్వడం అనుకున్నాను. అలా అనుకుంటూ ఇంకో ఆరేళ్ళు గడిపాను. మధ్యలో 2020లో డీసీ వాళ్ళు డైమండ్‌ని వదిలేశారు, 2021లో మార్వెల్ కూడా వేరే పంపిణీకి వెళ్ళింది. 2023లో డిస్నీ వాళ్ళు ‘మూన్ గర్ల్’ని యానిమేషన్ సిరీస్‌గా తెచ్చారు. టీవీలో ఆ ప్రకటన వస్తే నేను రిమోట్ తీసుకుని చానెల్ మార్చాను. 2025 జనవరిలో డైమండ్ దివాలా రక్షణ కోరింది. నేను అంతగా నమ్ముకున్న పట్టిక ఇచ్చిన సంస్థే లేకుండా పోయే పరిస్థితి. ఆ వార్త చదివిన రోజు ఇంక దాచుకోకూడదనిపించింది. అయినా నోరు విప్పడానికి దీపావళి దాకా పట్టింది.

మా అమ్మాయి ఇప్పుడు సిన్సినాటిలో చదువుతోంది. దీపావళికి శని, ఆదివారాలు ఇంటికొచ్చింది. అది వచ్చేలోపు లైబ్రరీ నుంచి ఆ సంపుటాలు దొరికినన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ చూసింది. పై పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట మీది డైనోసార్‌ని బొటనవేలితో రాసింది.

"అమ్మలూ, నీకు గుర్తుందా, ఇది ఆపేస్తారని నేనొకసారి అన్నాను."

"గుర్తుంది నాన్నా."

అన్నీ చెప్పాను. పట్టిక, గీత, మూడు షాపులు, టేపు వేసిన పుస్తకం, ఆ లైబ్రరీ ఆవిడ చెప్పిన మాటలు. తప్పు నాదే తల్లీ అన్నాను. అది చాలాసేపు పుస్తకం పేజీలు తిప్పుతూ ఉండిపోయింది.

"ఆపేస్తారని కాదు నాన్నా నేను మానేసింది" అంది చివరికి. "నువ్వు ‘ఎవరూ కొనట్లేదు’ అన్నావు. అంటే నా ఒక్కదానికే నచ్చిందేమో అనుకున్నా. నాలో ఏదో తేడా ఉందేమో అనిపించింది. బళ్ళో ఎవరితోనూ ఆ పుస్తకం సంగతి ఎత్తలేదు."

తన క్లాసులో ఇంకెవరైనా చదివేవాళ్ళున్నారా అని అది ఎవరినీ అడగలేదు. అదే లైబ్రరీలో, అదే అర ముందు, అదే పుస్తకం కోసం వచ్చిన పిల్లలు ఎంతోమంది ఉన్నారని ఆ పిల్లకి తెలియదు. తెలియకుండా చేసింది నేను. బేతాళ కథ దగ్గర నా భుజం మీద ఇంకో పిల్లాడి గడ్డం ఆనుకుని ఉండేది, వాడి ఊపిరి చెవికి తగిలేది. చదువు అంటే నాకు అలా పరిచయమైంది. నా కూతురికి మాత్రం ఒంటరితనం అంటగట్టాను.

సాయంత్రం వెళ్తూ వెళ్తూ మూడో సంపుటి బ్యాగులో పెట్టుకుంది. "చదివి ఇస్తా" అంది.

పుస్తకాలు తెచ్చి మూడు వారాలు కావొచ్చింది. గడువు రేపనగా ఫోన్లో లైబ్రరీ యాప్ తెరిచి రెన్యూ నొక్కాను. కాలేదు. మళ్ళీ నొక్కాను. ఆ పుస్తకానికి వేరే ఎవరో హోల్డు పెట్టారు, పొడిగించడం కుదరదు అని వచ్చింది. ఆలస్యమైతే మా లైబ్రరీలో జరిమానా ఏమీ లేదు. ఇంకో వారం ఉంచుకున్నా అడిగేవాళ్ళు లేరు.

మా అమ్మాయికి ఫోన్ చేశాను. "ఎవరో పిల్లలు చూస్తున్నారమ్మా దాని కోసం" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "నిజంగా? ఎవరు నాన్నా?" అంది. పేరు చెప్పరని తనకీ తెలుసు. "ఇంకా పన్నెండు పేజీలున్నాయి, నువ్వొచ్చేలోపు అయిపోతుంది" అంది.

సిన్సినాటికి రెండు గంటల దారి. కారు తాళాలు తీసుకుని బయల్దేరాను.